వాగు గట్టు మీద ఆగిన బండి

మా పాత అంబాసిడర్ వాగు గట్టు ఎక్కుతూ ఆగిపోవడానికి కారణం క్యామ్‌షాఫ్ట్. ఊళ్లో చెప్పుకున్న కారణం ఒక మనిషి.

భద్రాచలం అడవి అంచున ఒక చిన్న ఊళ్లో బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం వండే ఆమె. భర్త పోయాక, ఊళ్లో వచ్చిన రెండు మూడు జ్వరాలనూ ఒక బర్రె చావునూ ఆమె నెత్తిన వేశారు. చేతబడి చేస్తుందన్నారు. మూఢనమ్మకాల మీద ఊరూరా ఉపన్యాసాలిచ్చే నేను వెళ్లి బడి ముందు నిలబడి వాదించాను. అందరూ చూస్తుండగా ఆమె వండిన అన్నం తిన్నాను. తిరిగి వస్తుంటే, ఊరు దాటీ దాటకముందే, బండి కార్బురేటర్‌లోంచి తుమ్మి, దగ్గి, వాగు గట్టు మీద చచ్చింది. ఆ ఊరికి అంతకన్నా మంచి సాక్ష్యం ఇంకేం కావాలి? మర్నాటి నుంచి పిల్లలు ఇంటి దగ్గరి నుంచే డబ్బాలు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఇట్లాగే సాగితే వంట ఇంకొకరికి ఇవ్వక తప్పదని బడివాళ్లు ఆమెకు చెప్పేశారు.

కాబట్టి నేను తిరిగి వెళ్లాలి. అదే బండిలో వెళ్లాలి.

ఇల్లందులో పాత బండ్లు బాగుచేసే షెడ్డుకు దాన్ని ఈడ్చుకుపోయాను. మెకానిక్ ఒకప్పుడు బొగ్గుబావిలో పనిచేసినవాడు. రేడియేటర్ దించి, ఇంజన్ ముందు వైపు మూత విప్పాడు. లోపల గొలుసు వదులుగా వేలాడుతోంది. టైమింగ్ గేర్ పళ్లు అరిగిపోయాయి. తర్వాత క్యామ్‌షాఫ్ట్‌ను మెల్లగా బయటికి లాగాడు. వాల్వులను ఎత్తే ఆ కడ్డీ మీది గుబ్బలు కోడిగుడ్డు ఆకారంలో ఉండాలి. రెండు గుబ్బలు అరిగి గోళీల్లా అయ్యాయి.

"రెండు వాల్వులు లేస్తనే లేవు సార్. గొలుసు గూడ పన్ను దాటింది. గింత దూరం ఎట్లొచ్చింది గీ బండి? దీంతోని గూడ వాదించిన్రా ఏంది?"

కొత్త సామాను ఖమ్మంలో లేదు, హైదరాబాద్ నుంచి రావాలన్నారు. ఇంట్లో కూర్చోలేకపోయాను. రోజూ షెడ్డుకు పోవడం, ఖాళీ ఇంజన్‌లోకి తొంగిచూడడం, బస్టాండ్ దాకా నడిచి రావడం. మధ్యాహ్నం బడిలో వండే ఆమె ఫోన్. "ఇయ్యాల గూడ అన్నం మిగిలింది అన్నా. కుక్కలకేసిన."

తీరా సామాను వచ్చిన రోజు మెకానిక్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇయ్యాల అమాస సార్. రేపు ఎక్కిద్దాం."

"బొగ్గుబాయిల అమాసకు షిఫ్ట్ ఆపేటోళ్లా?"

"ఆపకపోతుండె."

"మరి?"

"బాయి సర్కార్ది సార్. షెడ్డు నాది."

అడవి అంచు ఊరిది మూఢత్వమని తిట్టే పట్నంవాళ్లందరినీ ఆ షెడ్డు ముందు వరసగా నిలబెట్టాలనిపించింది. కానీ పానా అతని చేతిలో ఉంది.

మర్నాడు మాత్రం పని శ్రద్ధగా చేశాడు. కొత్త కడ్డీకి నూనె పూసి లోపలికి జార్చాడు. రెండు గేర్ల మీద ఉన్న చుక్కలు ఎదురెదురుగా వచ్చేలా పెట్టి గొలుసు ఎక్కించాడు. చేత్తో ఇంజన్‌ను తిప్పి, మళ్లీ చుక్కలు కలిశాయో లేదో నాకు చూపించాడు. కలిశాయి. అన్నీ బిగించి స్టార్ట్ చేస్తే ఇంజన్ మెత్తగా పలికింది. వెంటనే అతను నిమ్మకాయ తీశాడు.

"వద్దు," అన్నాను. "ఇది కట్టుకుని పోతే నిమ్మకాయ గెలిచిందంటారు. ఆమె మీద నింద ఖాయమైపోతుంది."

"సరే సార్. మీ బండి, మీ ఇష్టం."

అరిగిన క్యామ్‌షాఫ్ట్‌ను పేపర్‌లో చుట్టుకుని బయల్దేరాను. బడి ముందు జనం చేరారు. కడ్డీని చేతుల మీదుగా పంపాను. పిల్లలు గుబ్బలు తడిమి చూశారు. అరిగిన గుబ్బకూ మంచి గుబ్బకూ తేడా వాళ్లకే తెలిసింది.

గోడకు ఆనుకున్న ఒకాయన, ఆమెకు వరసకు బావ, అడిగాడు: "ఇనుమే గద సార్. మరి ఇనుమును అరగ్గొట్టిందెవరు?"

"ఏండ్ల తరబడి రాపిడి. రా, చూపిస్త," అని బానెట్ ఎత్తాను.

రేడియేటర్ పక్కన, తీగతో బిగించి, నిమ్మకాయ.

ఆ బావ లోపలికి వంగి చూశాడు. పక్కున నవ్వాడు. "మంచి మెషినే పెట్టిచ్చిన్రు సార్!" జనమంతా నవ్వారు. నేను చూడకుండా మెకానిక్ కట్టేశాడన్నమాట. ఇల్లందు వైపు తిరిగి అరవాలనిపించింది.

ఆమె వంటగదిలోంచి కత్తి పట్టుకుని వచ్చింది. తీగ విప్పి, నిమ్మకాయ నొక్కి చూసింది. "వేడికి మెత్తవడ్డది. రసం మంచిగొస్తది." రెండు ముక్కలు కోసి చెంబు నీళ్లలో పిండింది, ఉప్పేసింది, సగం తాగింది. చెంబు బావ ముందుకు చాపింది. "తాగు బావా. నిమ్మకాయకు నేను పారిపోవాలె గద, పోయిన్నా?"

ఆయన చెయ్యి చాచలేదు. ఆయన తల్లి, ముసలామె, చెంబు లాక్కుని తాగింది. మూతి తుడుచుకుంది. "ఉప్పెక్కువేసినవే పోరి."

నేను సిద్ధం చేసుకున్న ఉపన్యాసం అక్కడితో పోయింది.

వెళ్లేటప్పుడు ఊరు ఊరంతా వాగు దాకా నా వెనకే నడిచింది, బండి ఆగుతుందేమో చూడ్డానికి. రెండో గేర్‌లో గట్టెక్కాను. బండి ఆగలేదు. వెనక ఎవరో ఈల వేశారు. సంతోషించాల్సింది పోయి కోపం వచ్చింది. బండి నడిచింది కాబట్టి ఆమె మంచిదైతే, రేపు ఆగితే ఏమిటి? ఒక మనిషి మర్యాద నాలుగు సిలిండర్ల మీద నిలబడడమేమిటి?

కొన్నాళ్లకు ఫోన్ వచ్చింది.

"ఇయ్యాల అన్నం వండిన గంజు అడుగు గీకిన అన్నా. ముసలవ్వ మనుమలు రెండుసార్లు పెట్టిచ్చుకున్నరు. మల్ల ఎప్పుడొస్తరు?"

"వస్త చెల్లె. ఈసారి బండి తేను. బస్సుల వచ్చి, అక్కడినుంచి నడుస్త."

అటువైపు గిన్నెలు కింద పెట్టిన చప్పుడు.

"బస్సు ఆగిపోతేనో?" అని ఆమె పకపకా నవ్వింది. నేను నవ్వలేకపోయాను.