ఉప్పు లేని చారు

బుజ్జితల్లీ, నా కన్నకూతురా, నువ్వు కన్నుమూసిన మూడో రోజున పక్కింటావిడ చారు తెచ్చింది. ఆ ఇంగువ వాసనకి మా అవనిగడ్డ నాయనమ్మ గుర్తొచ్చింది.

నా ఈడు వాళ్ళకి తెలుసు, తెల్లవాళ్ళ కాలంలో చావు ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. ఎవరూ పిలవకపోయినా నాయనమ్మ సత్తుగిన్నెలో చారూ, అన్నమూ వండి పట్టుకెళ్ళేది. ఓదార్పు మాటలు చెప్పేది కాదు.

"ఉప్పు సరిపోయిందేమో చూడవే," అనేది.

ఏడ్చి ఏడ్చి ఉన్న ఇల్లాలు నాలిక మీద వేసుకుని, "అసలు వేస్తే కదా పిన్నీ!" అనేది.

"అయ్యో, నా మతి మండ!" అంటూ ఉప్పు కలిపి ముద్దలు పెట్టేది.

ప్రతి ఇంట్లోనూ ఇదే తంతు. నిజంగా మరిచిపోయేదా, కావాలనే చేసేదా? నాకు ఎనభై దాటినా ఆ సంగతి తేలలేదు.

పక్కింటావిడ మాత్రం ఉప్పు చూడమని నన్ను అడగలేదు. తినాలో వద్దో తెలియక కూర్చున్నాను, తల్లీ.

నాలా కూర్చోకుండా, ఇది చదువుతున్న మీరంతా వేళకి కడుపునిండా అన్నం తినండమ్మా.