సత్తిబాబు ముక్కు

భీమవరం పక్కనున్న ఆ రొయ్యల ఫ్యాక్టరీలో వీరవెంకటసత్యనారాయణ ఎవరంటే ఎవరికీ తెలియదు. సత్తిబాబు అనాలి. రొయ్యల్ని గడ్డకట్టించే యంత్రాలకు అమ్మోనియా గ్యాసు పంపే కంప్రెసర్ గదిలో ఇరవై రెండేళ్ళుగా మెయింటెనెన్సు పని అతనిదే. ఎక్కడ గ్యాసు కారినా గుమ్మంలో నిలబడి ఒక్కసారి గాలి పీల్చి, "అదుగో, మూడో వాల్వు" అనేవాడు. తడి తువ్వాలు మూతికి చుట్టుకుని లోపలికి వెళ్ళి బిగించి వచ్చేవాడు. యజమాని అచ్యుతరామరాజుగారు వచ్చిన చుట్టాలందరికీ అతన్ని చూపించి, "మా సత్తిబాబు ముక్కు ఉండగా గ్యాసు పట్టే మీటర్లు మనకెందుకండీ!" అనేవారు. ఆ ఒక్క మాటతో అతనికి కడుపు నిండిపోయేది. ఆ మాటతో మీటరు కొనే బాధ రాజుగారికి తప్పుతోందన్న సంగతి మాత్రం అతని బుర్రకు ఏనాడూ తట్టలేదు.

అలాంటి గదిలోకి నాలుగేళ్ళ కిందట కొవ్వూరు నుంచి సత్యప్రసాద్ వచ్చాడు. మొదట్లో స్పానర్లు అందించిన మనిషి చూస్తుండగానే ఏకు మేకై కూర్చున్నాడు. జాయింట్ల దగ్గర గంధకం పుల్ల వెలిగించి, తెల్లటి పొగ లేచినచోట లీకు ఉందని పట్టుకునేవాడు. "ముక్కు లేనివాడికి పుల్లే గతి" అని సత్తిబాబు నలుగురిలో వెక్కిరించేవాడు. ప్రసాద్ నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వుకే సత్తిబాబుకు ఒళ్ళు మండిపోయేది. రాజుగారు ప్రసాద్ భుజం తట్టిన రోజున ఇంటికి వెళ్ళి అన్నం సరిగ్గా తినేవాడు కాదు. పైగా కాఫీకి వాసనే లేదని భార్య సూర్యకళ మీద విసుక్కునేవాడు. ఆవిడ ఏడాదిలో మూడు రకాల పొడులు మార్చింది, పాపం.

నిజానికి ఈ మధ్య సత్తిబాబుకు లీకు తెలిసేది ముక్కుతో కాదు, కళ్ళు మండితేనే. ఆ సంగతి తనకు తాను కూడా చెప్పుకోలేదు.

ఈ వేసవిలో, సరుకు కొనే విదేశీ కంపెనీ పట్టుబట్టాక, ముఖమంతా కప్పే మాస్కులు రెండు వచ్చాయి. వాటి వాడకం నేర్పడానికి సేఫ్టీ ఆఫీసరు దేవిశ్రీ వచ్చింది. పెద్ద వాల్వు ఒకటి మార్చాల్సి ఉంది. మాస్కు పరీక్షలో నెగ్గినవాడే లోపలికి వెళ్ళి ఆ పని చేస్తాడనీ, ఇకమీదట గది పెత్తనం కూడా అతనిదేననీ రాజుగారు తేల్చి చెప్పారు.

"మాస్కు సందుల్లోంచి గాలి దూరుతోందో లేదో చెప్పాల్సింది మీ ముక్కేనండి. అందుకని ముందు ముక్కును చూడాలి" అంటూ దేవిశ్రీ రెండు సీసాలు పెట్టింది. ఒకదాంట్లో ఉత్త నీళ్ళు. రెండోదాంట్లో అరటిపండు వాసన వచ్చే మందు చుక్క.

ప్రసాద్ మూత తీశాడో లేదో, "ఇదేనండి. మగ్గిన చక్కెరకేళి!" అన్నాడు. అందరూ నవ్వారు.

సత్తిబాబు పుట్టి పెరిగింది రావులపాలెంలో, అరటి గెలల మధ్య. రెండు సీసాలూ మార్చి మార్చి పీల్చాడు. రెండూ నీళ్ళే. దేవుడి మీద భారం వేసి ఎడమచేతి సీసా చూపించాడు.

"కరెక్టేనండి" అంది దేవిశ్రీ.

తరువాత మాస్కు పెట్టుకుని, అదే మందు జల్లిన చిన్న ప్లాస్టిక్ గుడారంలో నిలబడాలి. ప్రసాద్ నిమిషంలోనే చెయ్యెత్తాడు. గడ్డం దగ్గర వాసన దూరుతోందట. చిన్న సైజు తెప్పించాలి. సత్తిబాబు మాత్రం అయిదు నిమిషాలూ రాయిలా నిలబడి, "ఏమీ రావట్లేదమ్మా" అన్నాడు.

"చూశారా! నే చెప్పలేదా!" అన్నారు రాజుగారు. ప్రసాద్ మొహం చిన్నబోయింది. దొంగ గెలుపని తెలిసినా, ఆ మొహం చూస్తే సత్తిబాబుకు పాయసం తాగినట్టుంది.

మధ్యాహ్నం చేతులు కడుక్కునే కుళాయి దగ్గరికి ప్రసాద్ వచ్చాడు.

"సత్తిబాబుగారూ, ఇందాక మీ తల టోపీ అంచు మాస్కు కింద మడతపడిందండి. చెవి దగ్గర వేలు పట్టేంత సందు. ఆవిడ రాసుకుంటూ చూడలేదు. వాసన గుప్పున కొట్టాలండి మీకు."

"నా పని కొట్టేద్దామనే కదా ఈ మాటలు?"

"పెత్తనం మీరే చేద్దురుగానండి. లోపలికి మాత్రం వెళ్ళకండి. నలుగురిలో ఎందుకని ఊరుకున్నాను" అని ప్రసాద్ వెళ్ళిపోయాడు.

సత్తిబాబు పళ్ళు నూరుకుంటూ ఫ్యాక్టరీ వెనక్కి నడిచాడు. అక్కడ రొయ్య తలకాయలు పడేసే తొట్టె ఉంది. మిట్టమధ్యాహ్నపు ఎండకు అది ఉడుకుతోంది. అంచు పట్టుకుని, మొహం లోపలికి వంచి, గుండెల నిండా పీల్చాడు. ఏమీ లేదు.

పొట్టు పోయడానికి వచ్చిన బుల్లెమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఏంటండీ బాబూ, ఈ కంపులో ఎలా నిలబడ్డారండీ!" అంది.

అతను తిన్నగా దేవిశ్రీ దగ్గరికి వెళ్ళాడు. రాజుగారూ అక్కడే ఉన్నారు. "ఆ సీసా ఊహించి చెప్పానమ్మా. నాకు వాసన తెలీదు" అన్నాడు. ఆమె డాక్టరుకు చూపిద్దామంది. రాజుగారు కిటికీలోంచి బయటికి చూస్తూ, మీటరుకు ఆర్డరివ్వమన్నారు.

నిజం చెప్పాక గుండె తేలికపడిందంటే అబద్ధం. ఇన్నాళ్ళూ ప్రసాద్ ముక్కును చూసి కుళ్ళుకున్నాడు. ఇప్పుడు అతని మంచితనాన్ని చూసి కూడా కుళ్ళుకున్నాడు.

వారం తిరిగేసరికి చిన్న సైజు మాస్కు వచ్చింది. ప్రసాద్ లోపలికి వెళ్ళాడు. అతని నడుముకు కట్టిన తాడు పట్టుకుని సత్తిబాబు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆర్డరిచ్చిన మీటరు ఇంకా రాలేదు. గంట తరువాత పని ముగించుకుని ప్రసాద్ గుమ్మం దాకా వచ్చాడు. పాత అలవాటు కొద్దీ, మాస్కు పట్టీ మీద చెయ్యి వేసి అడిగాడు.

"తియ్యొచ్చాండీ?"

గది బయట నిలబడ్డ పనివాళ్ళందరూ సత్తిబాబు వైపు తిరిగారు. ఇరవై రెండేళ్ళుగా చూసినట్టే చూశారు. ఒక్కసారి గాలి పీల్చి తల ఊపితే చాలు, పాత సత్తిబాబు అయిపోతాడు. ఆ ఊపు మెడ దాకా వచ్చింది కూడా.

"తియ్యకు ప్రసాదూ" అన్నాడు. "నాకు తెలీదు."