బస్కీలతో పాసైన పరీక్ష

మా చిన్నతనంలో మనిషిని రెండు ముక్కలుగా చూసేవారు. మెడకు పైనున్నది ఒక మనిషి, కిందున్నది ఇంకో మనిషి. పైవాడికి చదువు, కిందివాడికి చాకిరీ. ఒకడు బాగుపడాలంటే రెండోవాడు నోరుమూసుకుని ఒక మూల పడి ఉండాలి. ప్రొద్దుటూరులో మా వీధిలో నేను కాస్త పరుగెత్తితే చాలు, మా అవ్వ "ఒరేయ్, సదివిందంతా కారిపోతాది, కూర్చో" అని కేకేసేది (అక్షరాలు చెమటతో పాటు బయటికి వచ్చేస్తాయని ఆమె నమ్మకం. నేను కూడా చాలాకాలం నా చెమటను అనుమానంగానే చూసుకున్నాను). బడిలోనూ ఇదే పద్ధతి. జవాబు చెప్పినవాడు కూర్చునేవాడు, చెప్పలేనివాడు గుంజీలు తీసేవాడు. ఆ లెక్కన ఎవడి మోకాళ్లు ఎంత గట్టిగా ఉంటే వాడి బుర్ర అంత మొద్దు అన్నమాట. నా మోకాళ్లు చాలా మెత్తగా ఉండేవి. అందుకు నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది.

ఆ గర్వంతోనే ఇరవయ్యో ఏట కర్నూలులో గుమాస్తాగా చేరాను. కర్నూలు అప్పుడు కొత్తగా రాజధాని అయింది. హోదా వచ్చింది గానీ దానికి సరిపడా గదులు రాలేదు కనుక మా ఆఫీసు ఒక గుడారంలో నడిచేది. ఎండాకాలం గాలి లేచిందంటే ఫైళ్లను కాళ్లతో తొక్కిపట్టి చేతులతో రాసేవాళ్లం. నాది టెంపరరీ ఉద్యోగం. పర్మనెంటు కావాలంటే ఆఫీసు రూల్సు మీద ఒక పరీక్ష పాసు కావాలి. పుస్తకం చూడకూడదు, రూల్సు అచ్చులో ఉన్నట్టే రాయాలి, అదీ ఇంగ్లీషులో. మూడుసార్లు తప్పినవాణ్ణి ఉంచుకోరు. నేను అప్పటికి రెండుసార్లు తప్పాను. ఇంకోసారి తప్పితే తిరిగి ప్రొద్దుటూరే, మా పెద్దన్న బట్టల అంగడే. చీరలు మడతపెట్టడం తప్పుపని అని కాదు. ఉద్యోగం వచ్చిన రోజు ఆ అంగట్లోనే నలుగురు బేరగాళ్ల ముందర నిలబడి "గజంబద్ద పట్టుకునే బతుకు నాది కాదు" అని చెప్పి వచ్చాను. మా అన్న కోప్పడలేదు. "సరేలేప్పా, బద్ద యాడికీ పోదు, ఈడనే ఉంటాది" అన్నాడు. ఆ మాట నన్ను కర్నూలు దాకా వెంటాడింది.

రెండుసార్లు తప్పడంలో నా కష్టం ఏమీ తక్కువ లేదు. మా హెడ్డుగుమాస్తా చెప్పిన పద్ధతి అక్షరం పొల్లు పోకుండా పాటించాను. ఆయన భారీ మనిషి. కుర్చీలోంచి లేవడం ఆయనకు ఇష్టముండేది కాదు, కుర్చీకి కూడా ఆయన లేవడం అలవాటు ఉండేది కాదు. "సూడప్పా, మనిషికుండేది కాస్తంత నెత్తురు. అది కాళ్లలోకి పోతే తలకాయికి యాడ మిగుల్తాది? నడిచేది మానుకో. గోడకు ఆనుకోని కదలకుండా కూర్చో. నడినెత్తిన ఆముదం పెట్టుకో. రూల్సు వాటంతట అవే ఎక్కుతాయి" అని చెప్పాడు. నేను గదిలో కదలకుండా కూర్చున్నాను. ఆముదం పెట్టుకున్నాను, దానిమీద తడిగుడ్డ వేసుకున్నాను. రూల్సు ఎక్కలేదు, నిద్ర ఎక్కింది. ఆర్నెల్లలో నా పొట్ట ముందుకొచ్చింది, జ్ఞాపకశక్తి వెనక్కిపోయింది. ఒకరోజు మా పై ఆఫీసరు నా పేరడిగితే ఒక క్షణం ఆలోచించాల్సి వచ్చింది.

మా గుడారంలో ఒక బంట్రోతు ఉండేవాడు. యాభై దాటినవాడు, నిటారుగా నడిచేవాడు. హంద్రీ ఒడ్డున తెల్లవారుజామున తాలీంఖానా నడిపేవాడు, అంటే కుర్రాళ్లకు కుస్తీ, కసరత్తు నేర్పేవాడు. అందుకని ఆఫీసులో అందరం అతన్ని ఉస్తాదు అనే పిలిచేవాళ్లం. అతనికి చదవడం, రాయడం రాదు. జీతం పుస్తకంలో వేలిముద్ర వేసేవాడు. కానీ ఏ ఫైలు అడిగినా "ఎర్రగుడ్డ మూట సార్, కిందినుంచి నాలుగోది" అని తెచ్చి ఇచ్చేవాడు. ఒకసారి గాలికి గుడారమే లేచిపోయి కాగితాలన్నీ కలిసిపోతే, చదువుకున్న ఐదుగురం తలలు పట్టుకుని కూర్చున్నాం. ఉస్తాదు ఒక్కో కాగితాన్ని మొహం చూసి మనిషిని పోల్చుకున్నట్టు పోల్చుకుని, సాయంత్రానికి అన్నీ వాటి వాటి మూటల్లో పెట్టేశాడు. నీకింత గుర్తు ఎలా ఉంటుందని అడిగాను.

"మీరు శానా సదువుతాండారు సార్, నేను సూస్తానే ఉండా. కానీ ఎద్దుల్ని కొట్టంలో కట్టేసి బండిని తోలుతాండారు. ఒళ్లు కదలకుంటే బుర్ర యాడ కదుల్తాది? రేపు పొద్దున తాలీంకు రాండి. నెలదినాలు సూడండి. రూల్సు గుర్తుండకపోతే ఈ మీసం తీసేసుకుంటా" అన్నాడు.

అతని మీసం ఊళ్లో పేరున్న మీసం. దాన్ని పందెం కాసిన మనిషి ఊరికే చెప్పడనిపించింది. హెడ్డుగుమాస్తాకు తెలిస్తే నా మీద ఆశ వదులుకుంటాడని భయపడి, పొద్దున్నే హంద్రీకి స్నానానికి పోతున్నానని చెప్పి తాలీంకు పోవడం మొదలుపెట్టాను. మొదటి రోజు పది బస్కీలు తీశాను. గుంజీలు అనుకోండి, చెవులు మాత్రం పట్టుకోనక్కర్లేదు. బడిలో మొద్దులకు వేసిన శిక్షను ఇప్పుడు ఉద్యోగస్తుడినై ఉండి స్వయంగా కోరి వేయించుకున్నాను. మర్నాడు కాళ్లు నావి కాకుండా పోయాయి. ఆఫీసులో కుర్చీలో ఎలా పడ్డానో అలాగే సాయంత్రం దాకా ఉండిపోయాను. హెడ్డుగుమాస్తా నన్ను చూసి ఎంతో సంతోషించి, "ఇప్పుడు కుదిరిందప్పా నీకు కూర్చోవడం" అన్నాడు.

తాలీంలో ఒక కట్టుబాటు ఉండేది. బస్కీలు తీసేటప్పుడు నోరు ఊరికే ఉండకూడదు, పైకి లెక్కపెట్టాలి. వారం తర్వాత ఉస్తాదు "అంకెలు నీకెట్లాగూ వచ్చుగదప్పా. లెక్క నేను జూసుకుంటా, నువ్వు రూల్సు సెప్పు" అన్నాడు. అలా ఒక్కో రూలుకూ ఇన్నని బస్కీలు కట్టుకున్నాను. కిందికి దిగుతూ మొదటి సగం, పైకి లేస్తూ రెండో సగం. చుట్టూ ఉన్న పహిల్వాన్లు దండీలు ఆపి, ఇదేదో కొత్త మంత్రమనుకుని వినేవాళ్లు. ఉస్తాదు అక్కడితో వదిలేవాడు కాదు. ప్రతి రూలుకూ "దాని అర్థమేందప్పా?" అని అడిగేవాడు. నేను రొప్పుతూ తెలుగులో చెప్పేవాణ్ణి. అలా చెప్పబోతేగానీ నాకే అర్థం తెలియదని చాలాసార్లు బయటపడింది.

నెల తిరిగేసరికి నిజంగానే మార్పు వచ్చింది. మూడు జొన్నరొట్టెలు తింటున్నాను, పడుకోగానే నిద్రపడుతోంది, పొద్దున లేస్తే తలకాయ ఊడ్చి నీళ్లు చల్లిన వాకిలిలాగా ఉంటోంది. విన్నది నిలుస్తోంది. నెత్తురు కాళ్లలోకి దిగితే తలకు అందదన్న హెడ్డుగుమాస్తా సిద్ధాంతం ఏమైందో నాకు తెలియదు. దిగిన నెత్తురు మళ్లీ పైకొస్తుందన్న సంగతి ఆయన లెక్కలోకి తీసుకోలేదనుకుంటాను. అంతకంటే ఆశ్చర్యం ఇంకోటి ఉంది. ఇంగ్లీషు ముక్క రాని ఉస్తాదుకు వినీవినీ రూల్సన్నీ నోటికి వచ్చేశాయి. నేను ఎక్కడైనా తడబడితే "అట్ల గాదప్పా, మొన్న ఆడ ఇంకో మాట అన్న్యావు" అని అందించేవాడు. పుస్తకం చూస్తే అతనిదే రైటు.

ఇంత జాగ్రత్తగా చదివినవాణ్ణి ఒక్క సంగతి మరిచాను. రూల్సన్నీ బస్కీలు తీస్తూనే నేర్చుకున్నాను. కూర్చుని ఒక్కటీ చెప్పి చూసుకోలేదు. పరీక్ష మాత్రం కూర్చునే రాయాలి.

పరీక్ష ఒక బడిలో పెట్టారు. ప్రశ్నలు చూస్తే అన్నీ తెలిసినవే. కలం పట్టుకున్నాను. బుర్రలో ఏమీ లేదు. మనసులో బస్కీలు తీసి చూశాను, రాలేదు. బల్ల కింద కాళ్లు ఆడించాను, రూలు గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. గజంబద్ద కళ్ల ముందు కనిపించింది. మా అన్న దాన్ని తుడిచి నా చేతికిస్తున్నట్టు కూడా కనిపించింది. ఇక లాభం లేదని చిటికెనవేలు చూపించి బయటికి పోయాను. దొడ్డిగోడ వెనక్కి వెళ్లి ఆరు బస్కీలు తీశానో లేదో, రూలు మొత్తం కామాలతో సహా వచ్చింది. ఒలికిపోకుండా పెదవులు బిగబట్టుకుని లోపలికి వచ్చి రాసేశాను. రెండో ప్రశ్నకు మళ్లీ వేలు చూపించాను. మూడోదానికి మళ్లీ చూపించాను. పక్క బల్ల ఆయన నా ఆరోగ్యం గురించి నిజంగా బాధపడ్డాడు.

నాలుగోసారి నా వెనకే పర్యవేక్షణ ఆఫీసరు వచ్చాడు. సర్కారు జిల్లాల మనిషి, సన్నగా, నుదుట నిలువునామంతో ఉన్నాడు. గోడ వెనక నేను పైకీ కిందికీ లేస్తూ గొణుక్కోవడం కాసేపు చూసి, "ఏవండీ, ఏం చేస్తున్నారిక్కడ?" అన్నాడు.

"బస్కీలు సార్."

"వినాయకుడికి గుంజీలా? అయితే చెవులు పట్టుకోవాలి కదండీ."

"గుంజీలు కాదు సార్. జ్ఞాపకం రావడానికి."

ఆయన మొహం మారిపోయింది. జేబులు తిప్పించాడు, పంచె దులిపించాడు. కాగితం ముక్క దొరికితే నా ఉద్యోగం అక్కడితో సరి. దొరికింది గుప్పెడు నానబెట్టిన శనగలు (పొద్దున ఉస్తాదు ఇచ్చినవి). వాటిని కూడా ఒక్కొక్కటి తిప్పి చూశాడు, ఏమైనా రాసుకున్నానేమోనని. చివరికి తన చేతిలోని రూల్సు పుస్తకం తెరిచి, నా ప్రశ్నపత్రంలో లేని ఒక రూలు నంబరు చెప్పి, "ఏదీ, నా ఎదుట కానివ్వండి" అన్నాడు. నేను దిగాను, లేచాను, దిగాను, లేచాను. ఆయన వేలు పెట్టుకుని వరస వెంబడి చదువుకుంటూ పోయాడు. రూలు అయిపోయింది. పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు. "ముప్ఫైయేళ్ల సర్వీసులో ఇది చూడలేదు. మీరు కాపీ కొట్టలేదు. కానీ ఇక బయటికి వచ్చారంటే పేపరు లాక్కుంటాను" అన్నాడు.

ఇంకా రెండు ప్రశ్నలున్నాయి. లోపలికి వచ్చి బల్ల మీద పూర్తిగా ఆనకుండా, జానెడు ఎత్తున గాలిలో కూర్చున్నాను. చూసేవాళ్లకు కూర్చున్నట్టే ఉంటుంది, తొడలకు మాత్రం అసలు సంగతి తెలుసు. మెల్లగా దిగుతూ, లేస్తూ, చెమట కాగితం మీద పడకుండా ఎడమచేత్తో తుడుచుకుంటూ ఆ రెండూ రాశాను. ఆఫీసరు ఒకసారి నావైపు చూశాడు. మరుక్షణం కిటికీ వైపు తిరిగి, గంట కొట్టేదాకా బయట ఎండనే చూస్తూ ఉండిపోయాడు. ఆయనకు నేను ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి.

పాసయ్యాను. హెడ్డుగుమాస్తా గుడారం అదిరేలా నవ్వి, "నేను సెప్పలా? ఆముదం లేటుగా పనిచేస్తాది" అన్నాడు. మా అన్న ఒక చొక్కా గుడ్డ పంపించాడు. నేను బెల్లం, కొబ్బరి తీసుకుని తాలీంకు పోయాను. ఉస్తాదు నా భుజం మీద చేయి వేసి, పిల్లలందరికీ చూపించి, బెల్లం పంచాడు. అందరూ దండీలకు దిగిన తర్వాత నన్ను పక్కకు పిలిచాడు.

"రికార్డు గది సూసుకునే ఉద్యోగం ఒకటి ఖాళీ పడిందంట గదప్పా. మూటలన్నీ నాకు తెలిసినవే. వయసు మీద పడతాండాది, కాస్త నీడన ఉండొచ్చు. దానికీ నువ్వు రాసిన పరీక్షే అంట. రూల్సన్నీ నాకు వచ్చు, నీకు తెలుసు. రాసేది రాదు గానీ, నోటితో అప్పజెప్తే ఒప్పుకోరా?"

నేను పర్మనెంటు అయి అప్పటికి మూడు రోజులైంది. మోకాళ్లు వంచకుండా, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి, "పరీక్ష రాతలోనే ఉండాల ఉస్తాద్. రూల్సు ఒప్పుకోవు" అని ఠక్కున చెప్పాను. అతను "అట్లనా, సరేప్పా" అని పిల్లల దగ్గరికి వెళ్లిపోయాడు. నేను అడిగి చూస్తానని అయినా అనలేదు, పై ఆఫీసరుకు ఒక కాగితమైనా రాసి పెట్టలేదు. ఆ పరీక్షకు ఇద్దరం చదివాం, ఒకడే పాసయ్యాడు. ఇరవయ్యేళ్ల ఆ గుమాస్తాను తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది, ఆ నవ్వు సగంలో ఆగిపోతుంది. జీవితం మొత్తంలో బస్కీ తీయకుండా అతనికి గుర్తొచ్చిన రూలు అదొక్కటే.