గిల్లిన ఆకుల లెక్క

కాలేజీ వృక్షశాస్త్ర ప్రయోగశాలలో ఇరవై తొమ్మిదేళ్లు సహాయకురాలిగా పనిచేసిన ఆమెకు విద్యార్థులు పెట్టిన పేరు మిల్లీమీటర్ మేడమ్. ఉద్యోగం ముగిసినా పేరు ఆమెను వదల్లేదు. ఆమె భర్త బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరైనవాడు. దేన్నైనా అద్దంలో ఒక్కసారి చూసి నిర్ణయం తీసుకునే మనిషి.

వాళ్ల ఇంటి ముందు పూర్తి ఎండ తగిలే చోటు ఒక్కటే: గేటు పక్కన రెండు మీటర్ల పది సెంటీమీటర్ల మడి. అందులో మూడు గులాబీలు: నిగనిగలాడే ఆకులతో గుత్తిపూల మొక్క ఒకటి, పసుపుది ఒకటి, ఎర్రది ఒకటి. ఏటా వానలు మొదలవగానే నల్లమచ్చ తెగులు వచ్చేది. ఆమె మందు కొట్టేది. ఈ ఏడు మందు పంపును కడిగి బోర్లించేసింది.

"మందు లేకుండా నిలబడేదే ఉంటుంది. తొమ్మిది ఆదివారాలు చూస్తాను. ఏ వారమైనా మచ్చలున్న ఆకులు నూటికి ఇరవై ఐదు దాటితే, ఆ మొక్క పీకేసి తెగులు తట్టుకునే రకం పెడతాను."

"ఏ మొక్కైనా?"

"ఏ మొక్కైనా."

ఎర్రది ఆయన ప్రాణం. ముప్పై ఒక్క ఏళ్లు డీజిల్ పొగ పీల్చిన ఆ ముక్కుకు ఇప్పటికీ అందే పూల వాసన అదొక్కటే.

మొదటి ఆదివారం ఉదయం ఏడింటికి ఆమె స్టూలు వేసుకుని, భూతద్దం పట్టుకుని కూర్చుంది. ఎర్ర మొక్కకు అరవై నాలుగు ఆకులు. మచ్చలున్నవి పదిహేను.

"ఇరవై మూడు పాయింట్ నాలుగు."

"పాసేగా!"

"ఒకటిన్నర మార్కుతో."

తరువాతి శనివారం తెల్లవారుజామున ఆయన చెప్పుల్లేకుండా బయటికి వచ్చి, మచ్చలున్న ప్రతి ఆకునూ గిల్లి జేబురుమాలులో మూట కట్టాడు. గోడ అవతల నుంచి పక్కింటి టీచరమ్మ తల కనిపించింది.

"ఏంటి బాబాయ్ గారూ, మొక్కకి పేలు చూస్తున్నారా?"

"నెమ్మదిగా అమ్మా, నెమ్మదిగా! లోపల మీ పిన్నిగారు లేస్తారు."

మర్నాడు లెక్క: ఆకులు యాభై, మచ్చలు సున్నా. ఆమె భూతద్దంలో మొక్కను చూసింది. అదే భూతద్దంలో భర్తను కూడా చూసింది.

"పద్నాలుగు ఆకులు తగ్గాయే?"

"గాలికి రాలుంటాయి."

"గాలి మచ్చలున్నవే ఏరుకుందా?"

"మచ్చలకి బరువుంటుందేమోనోయ్."

ఆమె ఏదో రాసుకుంది. మూడో వారం నలభై ఒకటి, నాలుగో వారం ముప్పై మూడు. మచ్చలు సున్నా, సున్నా. టీచరమ్మ మళ్లీ గోడ ఎక్కి, "మీ గులాబీ డైటింగ్ చేస్తోందా బాబాయ్ గారూ?" అని పరామర్శించింది. ఐదో వారం పసుపు మొక్క ఇరవై ఎనిమిది శాతానికి చేరింది. ఏడూ నలభైకల్లా వేళ్లతో సహా బయట పడింది.

"ఆకులే లేకపోతే శాతం ఎంతోయ్?" అన్నాడు భోజనాల దగ్గర.

"సున్నాని సున్నాతో భాగించకూడదు."

"అంటే పాసా, ఫెయిలా?"

"అంటే మొక్క చచ్చిపోయిందని."

విచిత్రమేమిటంటే ఆ తరువాత శనివారాలు గిల్లడానికి ఆకులు దొరకడం తగ్గింది. కొత్త చిగుళ్లు శుభ్రంగా వచ్చాయి. తొమ్మిదో ఆదివారం ఆకులు నలభై నాలుగు. మచ్చలు రెంటి మీదే. ఆయన మీసం దువ్వుకున్నాడు.

"ఇలా రండి," అందామె. పట్టకారు కొనతో కాండాన్ని చూపించింది. "దానంతటది రాలిన ఆకు నున్నటి గుర్తు వదిలి పోతుంది. గిల్లిన ఆకుకు తొడిమ ముక్క మిగులుతుంది. ఇవిగో, ముక్కలు."

ఆమె నోటుపుస్తకం తిప్పి పెట్టింది. మూడు గళ్ల పక్కన నాలుగో గడి ఉంది: గిల్లినవి. రెండో వారం నుంచి ప్రతి వారానికీ అంకె ఉంది.

"నీకు ముందే తెలుసా! మరి చెప్పలేదేం?"

"చెప్తే మానేసేవారు. ప్రయోగం పాడయ్యేది."

"ఏం ప్రయోగం?"

"పోయిన ఏడు రెండుసార్లు మందు కొట్టినా ఇదే వారానికి దీనికి మిగిలింది తొమ్మిది ఆకులు. ఇప్పుడు నలభై నాలుగు. మచ్చపడ్డ ఆకు ఎప్పటికప్పుడు తీసేస్తే తెగులు పైకి పాకడం తగ్గుతుంది."

"అంటే నేను చేసింది మోసం కాదు, వైద్యం!"

"మోసమే చేశారు. అది పొరపాటున వైద్యమైంది."

తరువాత తీర్పు రాసింది. గుత్తిపూల రకం: నమ్మదగినది. పసుపు రకం: తీసివేయబడినది. ఎర్ర రకం: నమ్మదగినది కాదు; అయితే గిల్లే మనిషి నమ్మదగినవాడు కనుక, ఆయన మానేసే వారం దాకా ఉండవచ్చు.

ఆయన రెండుసార్లు చదివి కింద సంతకం పెట్టాడు.

"సరే, ఆ రెండు ఆకులు ఇప్పుడే తీయండి. నా ముందే," అందామె.

ఎనిమిది శనివారాలు మసక వెలుతురులో గురి తప్పని వేళ్లు అనుమతి దొరికేసరికి తడబడ్డాయి. మచ్చ ఆకును పట్టుకోబోయి, పక్కనున్న మంచి ఆకును తెంపాడు.

ఆమె నలభై నాలుగు కొట్టేసి, నలభై మూడు వేసింది.