రిబ్కమ్మ గారి ఎండ పిచ్చి

కంటికి కనిపించినదల్లా ఎండలో వెయ్యకపోతే రిబ్కమ్మకి ఊపిరాడదు. నూజివీడు వైపు వేసవి వచ్చిందంటే ఒరుగులో, తాండ్రో ఎండబెట్టని ఇల్లుండదు, నిజమే. రిబ్కమ్మకి అవన్నీ చిల్లర పనులు. ఆవిడ అసలు యుద్ధం పరుపులతో. కాఫీ గొంతు దిగకముందే ఇంట్లో పరుపులూ, బొంతలూ, దుప్పట్లూ అన్నీ పెరట్లోకి రావాల్సిందే. వచ్చాక వాటన్నిటి మీదా వేపాకు మరిగించిన నీళ్ళు చెంబుతో ధారాళంగా చల్లేది.

"పొడిగా ఉన్నవాటిని తడిపి ఎండబెట్టడమేంటమ్మా?" అనేవాడు కొడుకు చార్లెస్.

"నల్లులు చావొద్దూ?"

"మనింట్లో నల్లులెక్కడున్నాయి?"

"లేవు కదా? ఎందుకు లేవో ఎప్పుడైనా ఆలోచించావా?"

చార్లెస్ తన దిండు తనే మోసుకొచ్చి గోడ మీద పెట్టేవాడు.

ఒకసారి పాస్టరు జయకర్ గారు ప్రార్థనకి వచ్చారు. కళ్ళు మూసుకుని కాస్త దీర్ఘంగానే ప్రార్థించారు. "ఆమేన్" అని కళ్ళు తెరిచేసరికి ఆయన సంచీ, కండువా, గొడుగు వరసగా ఎండలో ఉన్నాయి. పాపం, గొడుగు మీద కూడా వేపాకు నీళ్ళు పడ్డాయి. అప్పటి నుంచి ఆయన ఆ ఇంట్లో కళ్ళు తెరుచుకునే ప్రార్థించేవారని చెప్పుకుంటారు.

ఊరంతా నవ్వేది. నవ్వనిదల్లా మనవరాలు హన్నా ఒక్కతే. పదకొండేళ్ళు వచ్చినా హన్నా ఇంకా పక్క తడుపుతోంది. తల్లి గ్లోరీ "ఇంత పిల్లవయ్యావు, ఇంకా ఏంటే!" అని విసుక్కునేది. విసుక్కున్నందుకు మళ్ళీ తనే ఏడ్చేది. వేసవిలో చాట్రాయిలో చర్చి పిల్లల క్యాంపు జరుగుతుంది. అందులో పాట పాడాలని హన్నాకి ప్రాణం కొట్టుకుపోయేది. వెళ్తే తెల్లారేసరికి పరువు పోతుంది. అందుకని ప్రతి ఏడూ సరిగ్గా క్యాంపు ముందు హన్నాకి కడుపునొప్పి వచ్చేది.

చివరికి గ్లోరీ నూజివీడులో డాక్టరు గారికి చూపించింది. ఆయన పరీక్షలు చేయించి, "జబ్బేమీ లేదమ్మా. కొందరు పిల్లలకి ఆలస్యంగా తగ్గుతుంది. ఇందులో పిల్ల తప్పేం లేదు, తిట్టకండి. నీళ్ళు పగలు బాగా తాగించి, సాయంత్రం నుంచి తగ్గించండి. పడుకునే ముందు బాత్రూమ్‌కి పంపండి" అని, తడి తగిలితే మోగే అలారం ఒకటి ఇచ్చారు.

అది మోగితే ఇల్లంతా లేచేది. పక్కింటి కుక్క లేచేది. హన్నా ఒక్కతే లేచేది కాదు. రిబ్కమ్మే భుజం పట్టి లేపి బాత్రూమ్ దాకా నడిపించేది. అలా నడవగా నడవగా హన్నా అలారం మోగకముందే లేవడం మొదలుపెట్టింది. మామిడి పూత పిందె పట్టేనాటికి పక్క పొడిగా ఉన్న రోజులే ఎక్కువయ్యాయి. ఈసారి కడుపునొప్పి రాలేదు.

క్యాంపుకి బయల్దేరుతుంటే రిబ్కమ్మ బ్యాగులో ఒక సీసా కుక్కింది.

"ఇదేంటి నాయనమ్మా?"

"వేపాకు నీళ్ళు. అక్కడ నల్లులుంటాయి."

"అబ్బా! అందరూ నవ్వుతారు."

"నవ్వితే నన్ను చూసి నవ్వుతార్లే. మా నాయనమ్మకి పిచ్చని చెప్పు."

చాట్రాయిలో మొదటి తెల్లవారుజాము హన్నా కళ్ళు తెరవకుండానే పక్క తడిమి చూసుకుంది. పొడి! నమ్మకం కుదరక మళ్ళీ తడిమింది. అప్పడంలా ఉంది. చర్చి గంట కొట్టేద్దామన్నంత సంతోషం వచ్చింది.

పిల్లలందరూ బ్రష్షులు పట్టుకుని లేచారు. పక్క చాప మీద మౌనిక లేవలేదు. నడుం దాకా దుప్పటి లాక్కుని, తల దించుకుని కూర్చుంది. ఆ కూర్చోవడం ఏంటో హన్నాకి బాగా తెలుసు.

"అమ్మో, నల్లులు!" అని హన్నా కేక పెట్టింది. "అందరూ లేవండి! పక్కలన్నీ ఎండలో వెయ్యాలి!"

హాలంతా గంతులేసింది. హన్నా సీసా మూత తీసి కనిపించిన ప్రతి దుప్పటి మీదా చల్లింది. తనదాని మీదా, మౌనికదాని మీదా ఇంకాస్త ఎక్కువే పోసింది.

లీదియా టీచర్ పరిగెత్తుకొచ్చింది. "నల్లిని నువ్వు చూశావా?"

"చూడలేదు టీచర్. ఉంటాయని మా నాయనమ్మ చెప్పింది."

"ఎవరే మీ నాయనమ్మ?"

"రిబ్కమ్మ గారండి."

"ఓ, ఆవిడ మనవరాలివా! అయితే ఇక తప్పదు. మొయ్యండమ్మా, మొయ్యండి!"

పిల్లలు మోస్తూ నవ్వారు. అందరూ హన్నాని చూసే నవ్వారు. మౌనిక వైపు ఒక్కరూ చూడలేదు. తీగ మీద తడి దుప్పట్లన్నీ ఒకేలా వేలాడుతున్నాయి, అన్నీ ఒకే వేపాకు వాసన వేస్తున్నాయి. ఖాళీ సీసాతో వాటి ముందు నిలబడ్డ హన్నాకి అప్పుడు అర్థమైంది. వాళ్ళింట్లో ఏనాడూ నల్లుల్లేవు. నాయనమ్మకి పిచ్చీ లేదు.

ఆ సాయంత్రం హన్నా గొంతెత్తి పాడితే, వెనకవరస పిల్లలు కూడా గోల ఆపి విన్నారు.

ఇంటికొచ్చేసరికి మే నెల ఎండ పెరట్లో ఫెళ్ళున కాస్తోంది. ఒక్క పరుపూ లేదు. గుమ్మంలో చార్లెస్ దిగులుగా కూర్చున్నాడు.

"నువ్వెళ్ళినప్పటి నుంచి నా దిండు నా మంచం మీదే ఉందమ్మా. నాకేదో భయంగా ఉంది. మీ నాయనమ్మకి ఒంట్లో బాగానే ఉందంటావా?"

"ఎండేదిరా, ఎండబెట్టడానికి?" అంది రిబ్కమ్మ లోపల్నుంచి.

హన్నా వెళ్ళి ఖాళీ సీసా చేతికిచ్చింది. రిబ్కమ్మ మొహం కాస్త వాడింది. గొంతు తగ్గించి అడిగింది.

"నీ పక్క మీద చల్లుకున్నావా?"

"అందరి పక్కల మీదా చల్లాను నాయనమ్మా."

రిబ్కమ్మ మనవరాలి మొహంలోకి కాసేపు చూసింది. మూతి బిగించి నవ్వు ఆపుకుంటూ అడిగింది.

"నల్లులు చచ్చాయా?"

"ఒక్కటి కూడా మిగల్లేదు!"