పాఠం బాగుంది, పక్కన ఎవరూ లేరు

పోయిన మంగళవారం పొద్దున్నే జాలరిపేట నుంచి ఫోను. "అక్కా, మన టీచరమ్మ మనల్నొదిలి ఎల్లిపోనారు. నిన్న కూడా ఫోన్ సేసి ఏటి కబుర్లని అడిగినారక్కా," అంటూ ఏడ్చింది ఆమె పాత విద్యార్థిని.

టీచరమ్మ తగరపువలసలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. రెండువేల దశకంలో, నేను పనిచేసే దూరవిద్య ఆఫీసు బడి మానేసిన వాళ్ళకి ఆన్‌లైన్లో పదో తరగతి పాఠాలు మొదలుపెట్టి, అవి ఎలా ఉన్నాయో చూసి మార్కులు వేయమని ఆమెని పిలిచింది. వేరొకరైతే రెండు పాఠాలు చూసి సంతకం పెట్టేవారు. ఈవిడ తానే విద్యార్థిగా చేరి నెల రోజులు నెట్ సెంటర్లో కూర్చున్నారు. హెడ్‌ఫోన్‌కి ముడి అడ్డొస్తోందని జడ వేసుకొచ్చేవారు. "ముప్పయ్యేళ్ళయిందమ్మా జడేసుకుని," అని మురిసిపోయేవారు.

నెలాఖరుకి ఫారం నింపి తెచ్చారు. బొమ్మ నాణ్యతకి పదికి తొమ్మిది, వివరణకి ఎనిమిది. అడుగున ఒక వాక్యం: "పాఠం బాగుంది. పక్కన ఎవరూ లేరు."

"దీనికి ఫారంలో గడి లేదు మేడమ్," అన్నారు మా మేనేజరు.

"లేకపోతే గీయండి బాబూ. స్కేలు నానే ఇస్తాను."

అప్పటికే విద్యార్థుల్లో సగంమంది మానేశారు. ఇంకొందరు మానేస్తే కోర్సు మూసేస్తామని పైవాళ్ళు చెప్పేశారు. ఇక దారిలేక మేనేజరు కోర్సు సైటులోని చర్చల పేజీని ఆమెకి అప్పగించారు. అందులో అన్నాళ్ళూ ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. ఆమె వేసిన మొదటి ప్రశ్న: "ఇయ్యాల ఎవరింట్లో ఏం కూర?"

మేనేజరు తల పట్టుకున్నారు. "ఇది సిలబస్సులో లేదు మేడమ్!"

"కూర సంగతే సెప్పుకోనోళ్ళు, రాని లెక్క సంగతి సెప్పుకుంటారేటి బాబూ?"

మూడోరోజు జాలరిపేట ఆమె, నాకు ఫోన్ చేసిన ఈమే, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసింది: "నాను సేపల పులుసు వండినాను. మూడో పాఠం ఏటీ అర్దం కానేదు."

కాసేపటికే గాజువాక నుంచి ఒక వెల్డరు: "నాకూ కానేదు. నానొక్కడినే మొద్దుననుకున్నాను."

నేను పైకి చదివి వినిపిస్తే టీచరమ్మ కళ్ళజోడు జారిపోయేలా నవ్వారు. ఆ వారమంతా మూడో పాఠమే. ఒకరికి తెలియంది ఇంకొకరు చెప్పారు. మధ్యలో పిల్లల జ్వరాలు, అత్తగార్ల మీద ఫిర్యాదులు కూడా వచ్చాయి. ఆమె ఏదీ తుడిపెయ్యనివ్వలేదు. ఆ తర్వాత ఒక్కరూ మానలేదు. మానేసినవాళ్ళలో నలుగురు తిరిగొచ్చారు. మరుసటి ఏడు ఫారంలో కొత్త గడి చేరింది: "తోటివారితో మాట్లాడే వీలుందా?" దాన్ని టైపు చేసింది నేనే. అంత సంబరంగా నేనింకే గడీ గీయలేదు.

నాకు ఎప్పటికీ గుర్తుండేది మాత్రం వాళ్ళ పరీక్ష రోజు. అక్షరాల్లో తప్ప ఒకరినొకరు ఎరగనివాళ్ళు గేటు దగ్గర "నువ్వేనా? నువ్వేనా?" అని చేతులు పట్టుకున్నారు. బెల్లు మోగింది. ఒక్కరూ కదల్లేదు.

"సాలమ్మా కబుర్లు, లోపలికెల్లండి!" అని అరుస్తున్నారు టీచరమ్మ. అరుస్తూనే, రెండు చేతులతో ఒక్కొక్కరి వీపూ తోస్తూ, నవ్వాపుకోలేకపోతున్నారు.