రెండు సొల్లులు

మద్రాసు తెలుగువాళ్లకు రెండు సొల్లులుంటాయి. తమిళంలో ‘సొల్లు’ అంటే చెప్పు అని. మన సొల్లు నోట్లోంచి కారేది, లేదా పనికిమాలిన వాగుడు. దీని మీద మేం నవ్వుకోని రోజుండదు, మా బావ జనార్దనం తప్ప. ఫోనులో ఎవరైనా ‘సొల్లుంగ సార్’ అంటే చాలు, ఆయన చెవులు ఎర్రబడేవి. రిసీవరు నా చేతిలో పెట్టి తాడు కొలవడానికి పోయేవాడు.

రాయపురంలో పడవలకు తాళ్లమ్మే దుకాణం మాది. కొలిచేది ఆయన, వాగేది నేను. దేవుడు ఇద్దరి మాటలూ నా ఒక్కడి నోట్లోనే పోశాడని మా అక్క గోవిందమ్మ అంటుంది.

అలాంటి మనిషి, మద్రాసును చెన్నై చేసిన ఏడు, ఒకరోజు నోరు విప్పి కొంప ముంచుకున్నాడు. ఎనిమిదేళ్ల కూతురు సింధూరి బడిలో నాటకం సంగతి గెంతుతూ చెబుతుంటే ‘సొల్లాపు’ అన్నాడు. పిల్ల ఆపింది. ఎంతలా ఆపిందంటే వారం దాటినా తండ్రితో మాటే లేదు. ఏం కావాలన్నా ‘అమ్మా, నాయనకు చెప్పు’ అనేది. బావ మిఠాయి తెచ్చాడు, రిబ్బన్లు తెచ్చాడు. పిల్ల తీసుకుంది గానీ నోరు విప్పలేదు. అచ్చం ఆయన పోలికే. తనలాంటి మూగమొద్దు ఇంకొకటి తయారవుతోందని ఆయనకు నిజంగా భయం పట్టుకుంది.

అక్క ఊరుకోలేదు. “ముందు మీ నోటికి వైద్యం చేయించుకోండి” అని కోడంబాక్కంలో సంయుక్త డాక్టరమ్మ దగ్గరికి పంపింది. తోడు నేను. కీల్పాక్ పిచ్చాసుపత్రి కాకపోవడం మా అదృష్టం; ఆ పేరు వింటే మా వీధి పిచ్చివాళ్లని ముద్ర వేసేసేది. మందుబిళ్లలిస్తారనుకుంటే కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. శనివారం శనివారం అందరూ కూర్చుని చిన్నప్పటి దెబ్బలు చెప్పుకోవాలట.

“ఆకులెయ్యని పంక్తిలా ఉండాదిరా” అన్నాడు బావ. రెండు శనివారాలు నేల మీది పలకలు లెక్కపెట్టాడు. నన్ను మాత్రం మాట్లాడవద్దని డాక్టరమ్మ మొదటిరోజే గట్టిగా చెప్పింది. నా బాధ ఎవరికీ పట్టలేదు.

మూడో శనివారం, చేపలమ్మే లూర్దుమేరి తన కథ ముగించి, ముక్కు తుడుచుకుని, “ఇప్పుడు నువ్వు సొల్లన్నా” అంది.

“ఆ మాట అనబాకమ్మా” అని బావ అరిచినంత పని చేశాడు. తర్వాత, తెలుగులో మొదలై తమిళంలోకి దొర్లుకుంటూ, కథ బయటికొచ్చింది. ఆరేళ్లప్పుడు హార్బరులో ఓడ మీదినుంచి ఏనుగును తాళ్లతో దించుతుంటే చూశాడట. ఏనుగు గాల్లో ఉంది. ఆ ఆనందంలో ఇంటికి పరుగెత్తి, రొప్పుతూ, తుంపర్లు పడేలా చెప్పబోయాడు. వాకిట్లో పదిమంది పెద్దలు. వాళ్ల నాయన తువ్వాలుతో ఈయన నోరు తుడిచి ‘సొల్లాపరా’ అన్నాడు. పదిమందీ నవ్వారు. ఆ రోజు నుంచి చుట్టాలందరికీ ఆయన సొల్లుగాడు.

“ఆ ఏనుగు నలభై ఏండ్లుగా ఈడనే ఉండాది” అని గొంతు పట్టుకున్నాడు.

ఎవరూ నవ్వలేదు. నాకు సిగ్గేసింది. అక్క పెళ్లిలో ఆ పేరు పెట్టి ఏడిపించినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

లూర్దుమేరి కుర్చీ ముందుకు జరుపుకుంది. “అది సరే అన్నా, ఏనుగు దిగిందా లేదా? సొల్లు.” మిగతావాళ్లూ అందుకున్నారు: సొల్లుంగ, సొల్లుంగ.

బావ లేచాడు. చెయ్యి తొండమైంది. కుర్చీ ఎక్కి కాళ్లాడించాడు, కిందికి దూకి కూలీ అయిపోయి తాడు లాగాడు. ఏనుగు పైనుంచే హార్బరు ఆఫీసరు టోపీ మీద పేడ వేసిందట. రిటైరైన పోస్టుమాన్ కుప్పుసామి నవ్వి నవ్వి కుర్చీలోంచి జారిపోయాడు. బావ ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు. టైమైందని డాక్టరమ్మ మూడుసార్లు చెప్పినా ఆయనకు వినబడలేదు. తిరుగు బస్సులో కండక్టరుకు మళ్లీ మొదటినుంచీ చెబుతుంటే మేం దిగాల్సిన స్టాపు దాటి రెండు స్టాపులు పోయాం.

ఇంట్లో సింధూరి లెక్కలు చేసుకుంటోంది. బావ ఎదురుగా చతికిలబడ్డాడు. “నాటకం సంగతి సొల్లు తల్లీ” అన్నాడు.

పిల్ల వాళ్లమ్మ వైపు చూసింది, నా వైపు చూసింది. నెల దాటిన తర్వాత మొదటిసారి తండ్రినే అడిగింది: “ఏ సొల్లు నాయనా? మనదా, వాళ్లదా?”

“రెండూ” అన్నాడు బావ.

ఇక చూడండి. రాణి వేషం, మధ్యలో ఊడిన కిరీటం, మాటలు మరిచిపోయిన మంత్రి. పిల్ల తుంపర్లు బావ మొహం మీద పడుతున్నాయి, ఆయన తుడుచుకోలేదు. అన్నం చల్లారిపోయింది. నేను మధ్యలో ఏదో అనబోతే, “నువ్వు సొల్లాపు” అన్నాడు. అని, ఆ మాటకు అందరికంటే ముందు తనే పగలబడి నవ్వాడు.